ఒకే నడక, మూడు రంగుల పతకం: చైనా వాకర్ స్వర్ణం పదేళ్లు ఎందుకు ఆలస్యమైంది?

2012 ఆగస్టు 11. లండన్‌లో బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందున్న ‘ది మాల్’ రోడ్డు మీద ఒలింపిక్స్ మహిళల 20 కిలోమీటర్ల నడక పందెం ముగిసింది. రష్యా అమ్మాయి ఎలీనా లష్మనోవా 1 గంట 25 నిమిషాల 2 సెకన్లలో గీత దాటి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. మరో ఏడు సెకన్లకు రష్యాకే చెందిన ఓల్గా కనిస్కినా వచ్చారు. ఆ తర్వాత ఇంకో ఏడు సెకన్లకు చైనా జెర్సీలో 21 ఏళ్ల చియెయాంగ్ షెంజియే వచ్చారు. గంటన్నర పాటు నడిచిన ముగ్గురి మధ్య తేడా పద్నాలుగు సెకన్లే. షెంజియేకు కాంస్యం దక్కింది.

నాలుగేళ్ల తర్వాత ఆ కాంస్యం రజతమైంది. మరో ఆరేళ్లకు, 2022లో, అదే రజతం స్వర్ణమైంది. ఆమె ముందు గీత దాటిన ఇద్దరి ఫలితాలూ డోపింగ్ కారణంగా రద్దయ్యాయి. పందెం ఒక్కటే, నడిచిన సమయం కూడా అదే 1 గంట 25 నిమిషాల 16 సెకన్లు. పతకం రంగు మాత్రం రెండుసార్లు మారింది.

చివరికి న్యాయం గెలిచిందని చెప్పి ఈ కథను ముగించవచ్చు. అయితే ఆ న్యాయం ఏ దారిన వచ్చిందో చూస్తే అంత నిశ్చింతగా ఉండలేం. రెండు దిద్దుబాట్లలో ఏ ఒక్కటీ వ్యవస్థ మామూలుగా తన పని తాను చేసుకుపోవడం వల్ల జరగలేదు. ఒకదానికి కోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చింది. రెండోదానికి ఒక దేశపు ప్రయోగశాలలో దాగిన కంప్యూటర్ డేటా బయటికి రావాల్సి వచ్చింది.

పీఠభూమి నుంచి లండన్ దాకా

షెంజియే 1990 నవంబర్‌లో చైనాలోని చింగ్‌హాయ్ రాష్ట్రం, హాయ్‌బెయ్ టిబెటన్ స్వయంపాలిత ప్రాంతంలో పుట్టారు. టిబెటన్లు ఆమ్దో అని పిలుచుకునే ప్రాంతం అది. ప్రస్తుత దలైలామా పుట్టిన ఊరు కూడా చింగ్‌హాయ్‌లోనే ఉంది. ఆమె అసలు పేరు టిబెటన్ భాషలో ఛోయాంగ్ కీ. ఆ పేరును చైనా లిపిలోకి మార్చి రాస్తే వచ్చిన రూపమే చియెయాంగ్ షెంజియే. ఒలింపిక్స్ జాబితాల్లో, పతకాల పట్టికల్లో ఉన్నది ఈ రెండో రూపమే. చైనా తరఫున ఒలింపిక్స్‌లో పోటీపడిన, పతకం గెలిచిన తొలి టిబెటన్ ఆమె.

ఆ ఏడాది ఆ గుర్తింపు మామూలు విషయం కాదు. టిబెటన్ ప్రాంతాల్లో చైనా పాలనకు నిరసనగా ఆత్మాహుతులు అత్యధికంగా జరిగిన సంవత్సరం 2012. అలాంటి సమయంలో చైనా జెండా కింద ఒక టిబెటన్ యువతి పతకం అందుకుంది. బీజింగ్‌కు అది జాతుల ఐక్యతకు సాక్ష్యంగా చూపించుకోదగిన దృశ్యం. ప్రవాస టిబెటన్లకు తమ పిల్ల ప్రపంచ వేదిక ఎక్కిందన్న సంతోషమూ, ఎక్కిన వేదిక మీద తమ జెండా లేదన్న బాధా ఒకేసారి కలిగించే దృశ్యం. ఆమె పతకాన్ని ఎవరి కథలో కలుపుకోవాలన్న పోటీ ఆమె ప్రమేయం లేకుండానే మొదలైంది.

క్రీడాపరంగా చూస్తే ఆమె ఎదుగుదలకు రెండు ఆధారాలు ఉన్నాయి. ఒకటి ఎత్తు. చింగ్‌హాయ్ జనావాసాల్లో చాలా భాగం సముద్రమట్టానికి రెండు, మూడు వేల మీటర్ల ఎత్తున ఉంటాయి. రాష్ట్ర రాజధాని షీనింగ్ దగ్గరున్న దువోబా శిక్షణ కేంద్రం 2,300 మీటర్లకు పైన ఉంది. దూరపు పోటీల క్రీడాకారులను చైనా అక్కడికి పంపేది అందుకే. ఆక్సిజన్ తక్కువగా ఉండే గాలిలో పెరిగిన శరీరం ఎర్ర రక్తకణాలను ఎక్కువగా తయారు చేసుకుంటుంది. మరొకటి ఇటలీ నుంచి వచ్చిన కోచింగ్. ఇటలీకి ఎందరో చాంపియన్లను ఇచ్చిన కోచ్ సాండ్రో డమిలానో లండన్‌కు ముందు చైనా వాకర్ల బాధ్యత తీసుకున్నారు. ఆయన తమ్ముడు మౌరిజియో 1980 మాస్కో ఒలింపిక్స్‌లో 20 కిలోమీటర్ల నడక విజేత. లండన్‌లో పురుషుల 20 కిలోమీటర్ల స్వర్ణం గెలిచిన చెన్ డింగ్ కూడా సాండ్రో శిష్యుడే.

రిఫరీ కంటికి అందనిది

రేస్ వాకింగ్ చూసేవారికి వింతగా కనిపిస్తుంది. నడుములు ఊపుకుంటూ, మోచేతులు విసురుకుంటూ వెళ్లే ఈ నడకను ఎగతాళి చేసేవారూ ఉన్నారు. నియమాలు తెలిస్తే ఆ వింత ఎందుకో అర్థమవుతుంది. ఒక పాదం ఎప్పుడూ నేలను తాకుతూనే ఉండాలి, రెండు పాదాలూ గాలిలో ఉన్నట్టు కంటికి కనిపించకూడదు. ముందుకు వేసిన కాలు నేలను తాకిన క్షణం నుంచి శరీరం నిటారుగా దాని మీదికి వచ్చేదాకా మోకాలు వంగకూడదు. రోడ్డు పొడవునా నిలబడిన న్యాయనిర్ణేతలు ఇదే చూస్తుంటారు. లండన్ నాటి నిబంధనల ప్రకారం ముగ్గురు వేర్వేరు జడ్జీలు ఎర్రకార్డు ఇస్తే పోటీ నుంచి తప్పుకోవాల్సిందే.

ఈ షరతుల మధ్యే షెంజియే లండన్‌లో కిలోమీటరుకు సగటున 4 నిమిషాల 16 సెకన్ల వేగంతో నడిచారు. చాలామంది పరుగెత్తినా అందుకోలేని వేగం అది. అథ్లెటిక్స్‌లో ఇంత దగ్గరగా, అడుగడుగునా నిఘా ఉండే పోటీ మరొకటి లేదు. అయినా ఈ క్రీడను దెబ్బతీసిన మోసం మోకాలిలో లేదు, రక్తంలో ఉంది. దాన్ని రోడ్డు పక్కన నిలబడి చూసే జడ్జి పట్టుకోలేడు.

సరాన్‌స్క్ బడి

రష్యాలోని మొర్దోవియా ప్రాంత రాజధాని సరాన్‌స్క్. విక్టర్ చేగిన్ అనే కోచ్ అక్కడ నడిపిన శిక్షణ కేంద్రం ఒక దశలో ప్రపంచ నడక పోటీలను ఏలింది. లండన్‌లో తొలి రెండు స్థానాల్లో నిలిచిన రష్యన్లిద్దరూ అక్కడివారే. ఏళ్లు గడిచేకొద్దీ ఆ కేంద్రం పేరు పతకాల కన్నా నిషేధాలతోనే ఎక్కువగా వినిపించింది. చేగిన్ శిష్యుల్లో 20 మందికి పైగా డోపింగ్‌లో పట్టుబడ్డారు. 2016లో ఆయన మీద జీవితకాల నిషేధం పడింది.

కనిస్కినా దొరికింది ‘బయొలాజికల్ పాస్‌పోర్ట్’ ద్వారా. ఇందులో ఫలానా మందు ఉందా లేదా అని వెతకరు. ఒక క్రీడాకారిణి రక్తంలో హీమోగ్లోబిన్, కొత్త ఎర్ర రక్తకణాల నిష్పత్తి ఏళ్ల తరబడి ఎలా మారుతున్నాయో నమోదు చేస్తారు. సహజంగా రాని మార్పు కనిపిస్తే నిపుణులు దాన్ని డోపింగ్‌కు ఆధారంగా తేలుస్తారు.

2015 జనవరిలో రష్యా డోపింగ్ నిరోధక సంస్థ కనిస్కినాను నిషేధించింది. ఇక్కడే మెలిక ఉంది. ఆమె ఫలితాలన్నిటినీ రద్దు చేయకుండా కొన్ని కాలాలను మాత్రమే ఎంచి రద్దు చేసింది. ఆ ఎంపికలో లండన్ ఒలింపిక్స్ రాలేదు. అంటే ఆమె డోపింగ్ చేసినట్టే, లండన్ రజతం మాత్రం ఆమెదే! అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య దీన్ని ఒప్పుకోకుండా క్రీడా మధ్యవర్తిత్వ కోర్టుకు వెళ్లింది. 2016 మార్చిలో కోర్టు సమాఖ్య వాదనను సమర్థించి, 2009 నుంచి 2012 దాకా ఆమె ఫలితాలను వరసగా రద్దు చేసింది. షెంజియే కాంస్యం రజతమైంది ఆ తీర్పుతోనే. పురుషుల 50 కిలోమీటర్ల నడకలో లండన్ స్వర్ణం రష్యా వాకర్ నుంచి ఆస్ట్రేలియాకు చెందిన జేరెడ్ టాలెంట్‌కు మారిందీ ఆ తీర్పుల వరసలోనే.

సమాఖ్య ఆ అప్పీలు వేయకపోయి ఉంటే, దేశీయ సంస్థ ఇచ్చిన తీర్పే చివరి మాట అయ్యేది.

ప్రయోగశాల చెప్పిన నిజం

లష్మనోవా కథ ఇంకా మెలికలు తిరిగింది. 2014లో ఆమె ఒకసారి పట్టుబడి రెండేళ్ల నిషేధం అనుభవించారు. దాని ప్రభావం లండన్ స్వర్ణం మీద పడలేదు. ఆమె మళ్లీ పోటీలకు వచ్చారు కూడా.

ఈలోగా మాస్కో ప్రయోగశాల బండారం బయటపడింది. పాజిటివ్‌గా తేలిన నమూనాలను నెగెటివ్‌గా నమోదు చేసే పద్ధతి అక్కడ నడిచిందని 2016లో మెక్‌లారెన్ నివేదిక తేల్చింది. ఆ ప్రయోగశాల కంప్యూటర్లలోని డేటా కోసం ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ చాలాకాలం పట్టుబట్టింది. చివరికి 2019 జనవరిలో అది చేతికి వచ్చింది. ఆ డేటాలో కొంత మార్చారనీ, కొంత తుడిచేశారనీ తర్వాత తేలింది. మిగిలినదాని ఆధారంగానే అథ్లెటిక్స్ ఇంటెగ్రిటీ యూనిట్ పాత కేసులను ఒక్కొక్కటిగా తిరగదోడింది. అందులో లష్మనోవా కేసు ఒకటి. 2022 మార్చిలో ఆమెకు రెండేళ్ల నిషేధం ప్రకటించి, 2012 ఫిబ్రవరి నుంచి 2014 జనవరి వరకు ఫలితాలను రద్దు చేశారు. లండన్ స్వర్ణం, 2013 మాస్కో ప్రపంచ చాంపియన్‌షిప్ స్వర్ణం రెండూ పోయాయి.

ఇక్కడ తేదీలు గమనించాలి. డోపింగ్ నిబంధనల ప్రకారం ఒక ఉల్లంఘన మీద చర్య మొదలుపెట్టడానికి గడువు పదేళ్లు. 2015కు ముందు అది ఎనిమిదేళ్లే. పాత గడువే ఉండి ఉంటే, లేదా మాస్కో డేటా ఇంకో రెండు మూడేళ్లు ఆలస్యమై ఉంటే, 2012 నాటి మోసం తెలిసినా చర్యకు వీలుండేది కాదు. షెంజియే స్వర్ణం గడువు తలుపు మూసుకునే ముందు లోపలికి వచ్చింది.

లండన్ తొలి ఫలితాల్లో ఐదో స్థానంలో ఉన్న అనిసియా కిర్ద్యాప్కినా కూడా రష్యన్. ఆమె ఫలితం కూడా రద్దయింది. ఆ రోజు మొదట గీత దాటిన ఆరుగురిలో ముగ్గురు రష్యన్లు, ముగ్గురు చైనీయులు. ముగ్గురు రష్యన్లూ జాబితాలోంచి పోయారు. ఇప్పుడు రికార్డు పుస్తకంలో షెంజియేకు స్వర్ణం, నాలుగో స్థానంలో వచ్చిన లియు హాంగ్‌కు రజతం, ఆరో స్థానంలో వచ్చిన లూ షియుజీకి కాంస్యం.

ఆ పదేళ్లలో

లండన్ తర్వాత షెంజియే జీవితం ఆగలేదు. 2019 దోహా ప్రపంచ చాంపియన్‌షిప్‌లో లియు హాంగ్ వెనక రజతం గెలిచారు. 2021 మార్చిలో చైనాలోని హువాంగ్‌షాన్‌లో 1 గంట 24 నిమిషాల 45 సెకన్లలో నడిచారు. లండన్‌లో ప్రపంచ రికార్డుగా నమోదైన సమయం కన్నా అది మెరుగు. అయితే అదే పందెంలో యాంగ్ జియాయు 1 గంట 23 నిమిషాల 49 సెకన్లతో కొత్త ప్రపంచ రికార్డు నెలకొల్పారు. ఆ ఏడాది టోక్యో ఒలింపిక్స్ పతకాల్లో షెంజియే పేరు లేదు. 2022 జులైలో అమెరికాలోని ఒరెగాన్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 20 కిలోమీటర్లు, 35 కిలోమీటర్లు రెండిటిలోనూ కాంస్యాలు గెలిచారు.

అప్పటికి లష్మనోవా ఫలితం రద్దై నాలుగు నెలలే. తాను లండన్ విజేతనని తేలిన ఏడాదిలోనే 31 ఏళ్ల వయసులో ఆమె రెండు పతకాలు గెలిచారు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో వ్యక్తిగత స్వర్ణం మాత్రం ఆమెకు ఒక్కసారీ దక్కలేదు. కాబట్టి ఆమె కెరీర్ శిఖరం లండనే. ఆ శిఖరం మీద నిలబడి ఉన్నప్పుడు ఆ సంగతి ఆమెకు తెలియదు.

పతకం మారినప్పుడు తిరిగి రానివి చాలా ఉన్నాయి. విజేతకు మోగే జాతీయగీతం, మరుసటి రోజు పత్రికల మొదటి పేజీ, ప్రకటనల ఒప్పందాలు, విజేత హోదాతో తర్వాతి నాలుగేళ్లు సన్నద్ధమయ్యే ధీమా, ఇవేవీ పోస్టులో రావు. ఒలింపిక్ కమిటీ 2018లో ఒక ఏర్పాటు చేసింది. ఆలస్యంగా పతకం వచ్చినవారు దాన్ని ఎక్కడ అందుకోవాలో ఎంచుకోవచ్చు: తర్వాతి ఒలింపిక్స్‌లోనో, ఒలింపిక్ మ్యూజియంలోనో, తమ దేశపు వేడుకలోనో, ఇంట్లో అయినవాళ్ల మధ్యో. 2024 పారిస్‌లో ఐఫిల్ టవర్ ఎదుట జరిగిన అలాంటి వేడుకలో అమెరికా హర్డ్లర్ లషిండా డెమస్ తన 2012 స్వర్ణం అందుకున్నారు. మంచి ఏర్పాటే, కాదనలేం. అయితే అది గాయానికి కట్టు మాత్రమే.

చైనా అద్దంలో చైనా

ఇదంతా రష్యా మోసం, చైనా అమాయకత్వం కథగా చదివితే పొరపాటే. షెంజియే తోటి వాకర్ లియు హాంగ్ సంగతే చూడాలి. 2008 బీజింగ్, 2012 లండన్ రెండిటిలోనూ ఆమె నాలుగో స్థానంలో వచ్చారు. 2016 మే నెలలో రోమ్‌లో గెలిచిన పందెంలో ఆమె నమూనాలో హైజెనమైన్ అనే నిషేధిత పదార్థం దొరికింది. సమాఖ్య నెల రోజుల నిషేధం వేసింది, రోమ్ ఫలితం రద్దయింది. మూడు నెలల తర్వాత రియోలో ఆమే ఒలింపిక్ విజేత అయ్యారు. అది చిన్న ఉల్లంఘనగానే పరిగణించినా, నమోదైన ఉల్లంఘనే.

పెద్ద ప్రశ్న 2024లో వచ్చింది. 2021లో చైనా స్విమ్మర్లు 23 మంది నమూనాల్లో ట్రైమెటాజిడీన్ అనే గుండె మందు దొరికిందనీ, హోటల్ వంటగది నుంచి కలుషితమైందన్న చైనా సంస్థ వివరణను ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ ఒప్పుకుందనీ పత్రికలు బయటపెట్టాయి. వాళ్లలో కొందరు టోక్యోలో పతకాలు గెలిచారు. దేశీయ సంస్థ తన క్రీడాకారుల గురించి తానే తీర్పు చెప్పుకోవడం కనిస్కినా కేసులో ఎందుకు ప్రమాదమైందో, ఇక్కడా అనుమానానికి అదే కారణం. షెంజియేకు న్యాయం దక్కింది రష్యా సంస్థ మాటను బయటివారు ప్రశ్నించినందువల్ల. అదే ప్రశ్న తనకు ఎదురైనప్పుడు చైనా దాన్ని రాజకీయ కుట్రగా కొట్టిపారేయడం కుదరదు.

మన వైపు చూస్తే

ఆలస్యంగా వచ్చిన స్వర్ణం రుచి భారత్‌కూ తెలుసు. 2005లో మొనాకోలో జరిగిన వరల్డ్ అథ్లెటిక్స్ ఫైనల్‌లో లాంగ్‌జంప్ రజతం గెలిచిన అంజూ బాబీ జార్జ్, రష్యా జంపర్ తాత్యానా కోటోవా పాత నమూనా పునఃపరీక్షలో దొరకడంతో ఏళ్ల తర్వాత విజేత అయ్యారు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో మిక్స్‌డ్ 4×400 రిలేలో భారత జట్టు బహ్రెయిన్ వెనక రెండోది. బహ్రెయిన్ జట్టులోని కెమీ అడెకోయా మీద నిషేధం పడ్డాక భారత్‌కు స్వర్ణం వచ్చింది.

ఆ భారత జట్టులో ఉన్న ఎం.ఆర్. పూవమ్మ 2021లో ఇచ్చిన నమూనాలో నిషేధిత ఉత్ప్రేరకం దొరకడంతో ఆ తర్వాత రెండేళ్ల నిషేధానికి గురయ్యారు. అది 2018 పతకానికి సంబంధించినది కాదు. ఒకే జట్టు కథలో బాధితులూ నిందితులూ ఎంత దగ్గరగా ఉంటారో మాత్రం అది చెబుతుంది. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2023 లెక్కల్లో, ఐదు వేలకు పైగా నమూనాలు పరీక్షించిన దేశాల్లో పాజిటివ్ శాతం అత్యధికంగా ఉన్నది భారత్‌లోనే. 2036 ఒలింపిక్స్‌కు ఆతిథ్యమివ్వాలని ఆశపడుతున్న దేశానికి ఇది చిన్న మచ్చ కాదు.

రేస్ వాకింగ్ విషయంలో ఈ లెక్క ఇంకా దగ్గరగా తాకుతుంది. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో ఖుష్‌బీర్ కౌర్ 20 కిలోమీటర్ల నడకలో రజతం గెలిచారు. ఆ రోజు ఆమె ముందు ఉన్నది లండన్‌లో ఆరో స్థానంలో వచ్చిన లూ షియుజీ. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రాంబాబు, మంజూ రాణి జోడీ మిక్స్‌డ్ టీమ్ నడకలో కాంస్యం తెచ్చింది. ఈ క్రీడలో భారత్ పతకాల అంచు దాకా వచ్చేసింది. ఆ అంచున నిలబడిన ప్రతి ఒక్కరికీ ముందున్నవారు నిజాయితీగా నడిచారా లేదా అన్నది జీవితాన్ని మార్చే ప్రశ్న. తమ దేశం పరీక్షలు నిజాయితీగా జరిగాయా అన్నది ఇతరులు అడిగే ప్రశ్న.

ఏం మారాలి

షెంజియే కేసు మూడు విషయాలు స్పష్టం చేస్తుంది. మొదటిది, దేశీయ సంస్థల తీర్పుల మీద బయటి అప్పీలు హక్కు నామమాత్రంగా మిగలకూడదు. రెండోది, నమూనాలను పదేళ్లు దాచడం ఎంత ముఖ్యమో, వాటిని గడువుకు ముందే తిరిగి పరీక్షించడం అంతే ముఖ్యం. దాచిపెట్టి తెరవని నమూనా ఎవరికీ న్యాయం చేయదు. మూడోది, పరీక్షలు చేసే ప్రయోగశాల, పతకాలు కోరుకునే ప్రభుత్వం ఒకే చేతిలో ఉండకూడదు. మాస్కోలో జరిగిందంతా ఆ ఒక్క లోపం నుంచే వచ్చింది.

2026 నుంచి ప్రపంచ అథ్లెటిక్స్ ప్రధాన పోటీల్లో 20 కిలోమీటర్ల నడక స్థానంలో హాఫ్ మారథాన్ నడక వస్తోంది. అంటే షెంజియే గెలిచిన పోటీ ఆ రూపంలో చరిత్రలోకి వెళ్లిపోతోంది. ఆ చరిత్రలో లండన్ విజేతగా ఆమె పేరే ఉంటుంది. లండన్ రోడ్డు మీద ఆమె నడిచింది 1 గంట 25 నిమిషాల 16 సెకన్లు. నిజమైన ఫలితం ఆమెను చేరడానికి దాదాపు పదేళ్లు పట్టింది.